సన్న కార్డు ఒరిజినల్, కరెక్ట్ సైజు కార్డు కత్తిరించింది: ఒక టీ206 కేస్

ఈ కేస్ పోయిన ఏడాది చలికాలంలో నా దగ్గరికొచ్చింది. క్లయింట్ న్యూజెర్సీలో ఉంటాడు, ఐటీ జాబ్, సొంతూరు గుంటూరు పక్కన. కొడుకు కోసమని కొత్త బేస్‌బాల్ కార్డ్ ప్యాకెట్లు కొనడంతో మొదలుపెట్టి, మెల్లగా వంద ఏళ్ల నాటి కార్డుల్లోకి దిగాడు, అదీ హై గ్రేడ్, అంటే కొత్తవాటిలా మిగిలినవి తప్ప వద్దనే టైపు. నేను చేసేది ఏంటంటే స్లాబ్‌లో (గ్రేడింగ్ కంపెనీ సీల్ చేసిన ప్లాస్టిక్ డబ్బాలో) లేని కార్డుల్ని, అంటే రా కార్డుల్ని, డబ్బు చేతులు మారకముందు చూసి రిపోర్ట్ ఇవ్వడం. ఫీజు ఫిక్స్‌డ్, డీల్ అయినా కాకపోయినా అంతే, పర్సంటేజ్ తీసుకోను. పర్సంటేజ్ తీసుకుంటే కార్డు బాగుందని చెప్పాలనే ఆశ మనకు తెలీకుండానే కంట్లో కూర్చుంటుంది, ఈ పనిలో అది అస్సలు ఉండకూడదు.

లాట్‌లో మూడు కార్డులు. అన్నీ టీ206, అంటే వందేళ్ల కిందటి సిగరెట్ ప్యాకెట్లలో వచ్చిన బేస్‌బాల్ కార్డులు. ఒకటి ఆ కాలపు పెద్ద ఆటగాడు టై కాబ్ రెడ్ పోర్ట్రెయిట్, పీడ్‌మాంట్ 350 బ్యాక్, అంటే వెనక ఆ సిగరెట్ బ్రాండ్ యాడ్ ఉన్నది. రెండోది ఇంకో పేరున్న ఆటగాడు క్రిస్టీ మాథ్యూసన్, స్వీట్ క్యాపొరల్ బ్యాక్. మూడోది పెద్దగా పేరులేని ఒక ప్లేయర్, అమెరికన్ బ్యూటీ బ్యాక్. అమ్మేది కార్డుల స్పెషలిస్ట్ కాదు, పాత సామాన్లు, గడియారాలు, ఫర్నిచర్ అమ్మే లోకల్ డీలర్, ఎవరో పెద్దాయన పోయాక ఇంటి సామాను లెక్కన వచ్చాయని చెప్పాడు. కాబ్‌కి నియర్ మింట్, అంటే దాదాపు కొత్తదానిలా ఉన్న కార్డు రేటు అడిగాడు. మాథ్యూసన్‌కి మామూలు రేటు. మూడోది సన్నగా ఉంది, ఎవరో కట్ చేసేశారు, ఊరికే తీసుకో అన్నాడంట.

క్లయింట్ ఫోన్‌లో మాట్లాడుతుంటే గొంతులోనే ఆనందం తెలుస్తోంది. "అన్నా, కాబ్ కార్నర్లు చూడు, బ్లేడులా ఉన్నాయి, 8 గ్రేడ్ పక్కా కదా?" అన్నాడు. బ్లేడులా ఉన్నాయంటేనే నాకు భయం రా, ముందు కార్డు చేతికి రానీ అన్నాను.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. టీ206 అంటే 1909 నుంచి 1911 వరకు అమెరికన్ టొబాకో కంపెనీ తన సిగరెట్ ప్యాకెట్లలో పెట్టిన కార్డుల సెట్, మొత్తం 520 పైచిలుకు కార్డులు, వెనక వైపు 16 బ్రాండ్ల యాడ్‌లు, పీడ్‌మాంట్, స్వీట్ క్యాపొరల్, పోలార్ బేర్ ఇలాగ. ప్యాకెట్ వంగకుండా గట్టిగా ఉండటానికి అట్టముక్క ఎలాగూ కావాలి, దానిమీద ఆటగాడి బొమ్మ వేస్తే జనం అదే బ్రాండ్ మళ్లీ కొంటారు, అదీ లెక్క. ప్రింట్ చేసింది న్యూయార్క్‌లో అమెరికన్ లితోగ్రాఫిక్ కంపెనీ. 1911లో సుప్రీంకోర్టు ఆ టొబాకో ట్రస్ట్‌ని ముక్కలు చేసింది, సెట్ కూడా ఆ టైంలోనే ఆగిపోయింది. మన గుంటూరు, చీరాల వాళ్లకి ఒక చుట్టరికం కూడా ఉంది, ఐఎల్‌టీడీ అనే పొగాకు కంపెనీ పేరు వినని పొగాకు రైతు ఉండడు కదా, ఆ ఐఎల్‌టీడీ వెనకున్న బ్రిటిష్ అమెరికన్ టొబాకో 1902లో పుట్టింది ఈ అమెరికన్ టొబాకో కంపెనీ, ఇంగ్లండ్ ఇంపీరియల్ కంపెనీ కలిసి పెట్టుకున్న భాగస్వామ్యంగానే. మా క్లయింట్ వాళ్లది పొగాకు పండించిన కుటుంబం, ఈ సంగతి చెప్తే కాసేపు కార్డు ధర కూడా మర్చిపోయాడు.

టీ206 అనే పేరు కంపెనీ పెట్టింది కాదు. సిరక్యూస్‌లో జెఫర్సన్ బర్డిక్ అనే ఆయన జీవితమంతా కార్డులు పోగేసి, వాటికి నంబర్లిచ్చి కేటలాగ్ తయారుచేశాడు, టీ అంటే ఇరవయ్యో శతాబ్దపు పొగాకు కార్డులు, అందులో 206వది. ఆయన కలెక్షన్ 3 లక్షలకు పైగా ముక్కలు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంకి ఇచ్చేశాడు, 1963లో చనిపోయాడు. గమనించాల్సింది ఏంటంటే ఆయన కార్డుల్ని ఆల్బమ్‌లలో జిగురుతో అంటించాడు. అప్పట్లో గ్రేడ్ అనే ఆలోచనే లేదు, సెట్ నిండిందా లేదా అన్నదే పట్టింపు. కార్నర్ ఎంత పదునుగా ఉందనే దానికి ఇల్లు కొనేంత డబ్బు కట్టడం చాలా తర్వాత వచ్చిన విషయం, దాంతోపాటే కత్తెర కూడా వచ్చింది.

గ్రేడింగ్ సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది కాబట్టి తొందరగా చెప్పేస్తా. పీఎస్ఏ అనే గ్రేడింగ్ కంపెనీ 1991లో మొదలైంది, 1 నుంచి 10 స్కేలు. 8 అంటే నియర్ మింట్ మింట్. 8కి ముందువైపు సెంటరింగ్ 65/35 లోపు ఉండాలి, అంటే ఎడమ బోర్డర్, కుడి బోర్డర్ మధ్య తేడా అంతకు మించకూడదు. కార్నర్లు పదును, మడత అసలు ఉండకూడదు. వందేళ్లు దాటిన సిగరెట్ కార్డులో ఇవన్నీ కలవడం చాలా అరుదు, అందుకే ఒకే కాబ్ కార్డు 5లో ఉంటే ఒక రేటు, 8లో ఉంటే దానికి ఎన్నో రెట్లు. ఆ రెండు రేట్ల మధ్య దూరమే ట్రిమ్ చేసేవాడి, అంటే అంచు కోసేవాడి సంపాదన. మెత్తబడిన కార్నర్‌ని బాగుచేయడం కష్టం, కానీ ఆ వైపు అంచుని సన్నగా ఒక పీలిక కోసేస్తే కార్నర్ మళ్లీ పదునవుతుంది, సెంటరింగ్ కూడా సరిచేసుకోవచ్చు, ఒకే కోతలో రెండు పనులు.

ఇప్పుడు కాబ్ దగ్గరికి వద్దాం. మొదట అసలు 1910 కాలం కార్డేనా అన్నది తేల్చాలి. బ్లాక్‌లైట్ (అల్ట్రావయొలెట్ లైటు) కింద పెట్టాను, కాగితం మెరవలేదు. తెల్లదనం కోసం కలిపే బ్రైటనర్లు కాగితంలో మామూలైంది రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే, కాబట్టి ఈ కాలం కార్డు నీలంగా వెలిగితే అక్కడితో కథ అయిపోయినట్టే. తర్వాత లూప్ (చిన్న భూతద్దం) కింద పేరు చూశాను, కింద బ్రౌన్ ఇంకుతో వేసే పేరు అక్షరాలు గట్టిగా నిండుగా ఉన్నాయి, చుక్కలు చుక్కలుగా లేవు. రీప్రింట్‌లలో ఫోటో తీసి మళ్లీ ప్రింట్ చేస్తారు కాబట్టి అక్షరం కూడా చుక్కలుగా విడిపోతుంది. ఇక్కడ అలా లేదు. ఒరిజినల్ కార్డే, డౌట్ లేదు.

సైజు. టీ206 స్టాండర్డ్ వెడల్పు ఒకటీ ఏడు పదహారో వంతుల అంగుళాలు, అంటే సుమారు 36.5 మిల్లీమీటర్లు, పొడవు సుమారు 66.7. ఈ కాబ్ పొడవు సరిపోయింది, వెడల్పు పైన 36.5, కింద 36.2. చాలామంది ఇక్కడ ఆగిపోతారు, సైజు ఓకే కాబట్టి ట్రిమ్ కాదు అనేస్తారు. మా క్లయింట్ కూడా ఇంట్లో స్కేలు పెట్టి కొలుచుకుని ధైర్యంగా ఉన్నాడు. కానీ ఆ కాలం కార్డులన్నీ ఒకే సైజులో రాలేదు, పెద్ద షీట్లని దొంతరగా పెట్టి కత్తితో దించేవాళ్లు, ఒకటి కొంచెం పెద్దగా వస్తే ఇంకోటి చిన్నగా వచ్చేది. ఫ్యాక్టరీ నుంచి కొంచెం పెద్దగా వచ్చిన కార్డు ఉందనుకోండి, దాన్ని కోసినా స్టాండర్డ్ సైజు మిగులుతుంది. అలాంటి కార్డులంటే ట్రిమ్ చేసేవాళ్లకి పండగ. అందుకే నేను సైజు కంటే అంచునే ఎక్కువసేపు చూస్తా.

అంచు చూడటం అంటే కార్డుని ముందు నుంచి చూడటం కాదు, నిలబెట్టి దాని మందం వైపు చూడాలి. పది రెట్ల లూప్, పక్క నుంచి వాలుగా పడే లైటు, అంతే కావాల్సింది. ఎడమ అంచు, పై అంచు, కింది అంచు మూడూ ఒకేలా ఉన్నాయి, కాగితం పీచు అక్కడక్కడ కొంచెం లేచి, రంగు అంతా ఒకే రకమైన గోధుమ రంగు, వందేళ్ల గాలి, దుమ్ము, చేతి జిడ్డు సమానంగా పట్టినట్టు. కుడి అంచు వేరే. పీచు ఎక్కడా లేవలేదు, నున్నగా ఉంది, లోపలి కాగితం రంగు మిగతా మూడు వైపులకంటే లేతగా కనిపించింది. నా దగ్గర అదే బ్యాక్ ఉన్న, బాగా వాడిన మామూలు ప్లేయర్ల కార్డులు కొన్ని ఉంటాయి, పోల్చుకోడానికే కొనిపెట్టుకున్నా, వాటి మధ్యలో ఈ కాబ్‌ని పెట్టి నాలుగు వైపులా తిప్పి చూస్తే మూడు వైపులా కలిసిపోయింది, కుడివైపు తిప్పేసరికి ఆ ఒక్కటే విడిగా కొట్టొచ్చినట్టు కనబడింది.

ఇంకో సంగతి కార్నర్లు. నిజంగా వాడకుండా దాచిన కార్డులో నాలుగు కార్నర్లూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. ఇక్కడ ఎడమవైపు రెండూ లూప్ కింద కొంచెం గుండ్రంగా మెత్తబడి ఉన్నాయి, కుడివైపు రెండూ సూదిలా ఉన్నాయి. ఒక్క కార్డు ఒక పక్క వందేళ్లు బతికి, ఇంకో పక్క నిన్న పుట్టినట్టు ఉండదు కదా. పైన 36.5, కింద 36.2 అన్న తేడా కూడా కుడి అంచు వాలులోంచే వస్తోంది, ఎడమ అంచు లోపలి ఫ్రేమ్ గీతకి సమాంతరంగానే ఉంది.

ఈ పాటికి నాకు దాదాపు ఖాయం అయిపోయింది. కానీ అంచు మీద అభిప్రాయం ఎంతైనా అభిప్రాయమే, అమ్మేవాడు ఒప్పుకోకపోతే వాదన అయిపోతుంది. గట్టి ఆధారం కావాలి. దానికి పనికొచ్చేది ప్రింట్ లోపాలు. లితోగ్రఫీలో రంగులు ఒక్కొక్కటిగా పడతాయి, ప్రతి కార్డులో ఎక్కడో ఒక ఇంకు చుక్క, ఒక చిన్న తెల్ల మచ్చ, బోర్డర్ మీద కాగితపు పీచు మరక ఉంటాయి, అవన్నీ అదే చోట్ల ఇంకో కార్డులో ఉండటం జరగదు, వేలిముద్రలు అనుకోండి. 2019లో అమెరికాలో పెద్ద గొడవ అయింది, కొంతమంది కలెక్టర్లు పాత వేలం ఫోటోలు, కొత్తగా ఎక్కువ గ్రేడ్‌తో వచ్చిన స్లాబ్ ఫోటోలు పక్కపక్కన పెట్టి, ఇది అదే కార్డు, మధ్యలో అంచు మాయమైంది అని ఒకదాని తర్వాత ఒకటి బయటపెట్టారు, ఎఫ్‌బీఐ దాకా వెళ్లింది. వాళ్లు చేసిన పద్ధతే నేనూ చేస్తా.

ఈ కాబ్‌కి ఎరుపు బ్యాక్‌గ్రౌండ్‌లో భుజం పైన ఒక ముదురు చుక్క, పై బోర్డర్‌లో సన్నటి వెంట్రుకలాంటి గీత, వెనక యాడ్ ఫ్రేమ్ మూలలో ఇంకు పడని చిన్న ఖాళీ ఉన్నాయి. పాత వేలాల ఆర్కైవ్‌లలో కాబ్ రెడ్ పోర్ట్రెయిట్ పీడ్‌మాంట్ 350 ఫోటోలు తీసుకుని కూర్చున్నా, ఇది టీ206లో మరీ అరుదైన కార్డేం కాదు, కాబ్ నాలుగు పోజుల్లో ఎక్కువ దొరికేది ఇదే, కాబట్టి ఫోటోలు బోలెడు. ఓపిక కావాలి. చివరికి ఒక పాత వేలంలో దొరికింది, మూడు గుర్తులూ ఉన్న చోటే ఉన్నాయి. ఆ ఫోటోలో కుడి బోర్డర్ ఎడమదానికంటే బాగా వెడల్పు, కుడి కింది కార్నర్ చితికి ఉంది. ఇప్పుడు నా టేబుల్ మీదున్న కార్డులో బోర్డర్లు రెండూ సమానం, చితికిన కార్నర్ లేదు. రెండు ఫోటోలూ లోపలి ఫ్రేమ్ కొలతకి ఒకే సైజు చేసి ఒకదాని మీద ఒకటి పెడితే పోయిన పీలిక ఎంతో కంటికే కనబడింది.

ఈ విషయంలో కొత్తవాళ్లకి నేనెప్పుడూ చెప్పే కేస్ ఒకటుంది, హోనస్ వాగ్నర్ టీ206 కార్డుది. ఈ హాబీలో దానికి మించిన పాఠం లేదు. వాగ్నర్ పిట్స్‌బర్గ్ పైరేట్స్ టీమ్ ఆటగాడు, తన బొమ్మ వాడటానికి ఒప్పుకోకపోవడంతో ప్రింటింగ్ ఆపేశారు, అందుకే 50 నుంచి 60 దాకా మాత్రమే ఉన్నాయని అంచనా. వాటిలో అన్నిటికంటే అందమైన ముక్క 1985లో బిల్ మాస్ట్రో అనే డీలర్ 25,000 డాలర్లకు కొన్నాడు. 1991లో సదబీస్ వేలంలో హాకీ ఆటగాడు వేన్ గ్రెట్జ్‌కీ, బ్రూస్ మెక్‌నాల్ కలిసి 4,51,000 డాలర్లకు కొన్నారు. పీఎస్ఏ గ్రేడ్ చేసిన మొట్టమొదటి కార్డు అదే, 8 వచ్చింది. 2007లో అరిజోనా డైమండ్‌బ్యాక్స్ బేస్‌బాల్ టీమ్ ఓనర్ కెన్ కెండ్రిక్ చేతికి 28 లక్షల డాలర్లకు చేరింది. మొదటినుంచీ గుసగుసలు ఉన్నా ఎవరూ తేల్చలేదు, 2013లో మోసం కేసులో నేరం ఒప్పుకుంటూ మాస్ట్రోనే ఆ కార్డు పక్క అంచులు తాను కోశానని కోర్టులో చెప్పాడు. 2015లో 20 నెలల శిక్ష పడింది. లేబుల్ మీద నంబర్ ఒక మనిషి అభిప్రాయం, కాగితం దగ్గర ఉన్నదే నిజం, అని నేను ఇంత గట్టిగా నమ్మడానికి ఈ కార్డే కారణం.

క్లయింట్ ఒక మంచి ప్రశ్న అడిగాడు, అలాగైతే వందేళ్ల కార్డు బ్లేడులాంటి కార్నర్లతో అసలు ఉండదా అన్నా అని. ఉంటుంది. ఒహాయోలో డిఫయన్స్ అనే ఊళ్లో 2012లో ఒక ఇంటి అటక మీద, చెక్క బొమ్మరిల్లు కింద మసి పట్టిన అట్టపెట్టెలో దాదాపు 700 కార్డులు దొరికాయి, 1910 కాలం ఈ98 అనే ఇంకో కార్డుల సెట్, పురికొసతో కట్టలు కట్టి ఉన్నాయి. ఆ ఇంటి పెద్దాయన మాంసం కొట్టు నడిపేవాడు, 1940ల్లో పోయాడు, కార్డులు ఎవరూ ముట్టుకోలేదు. వాటిలో ఒక వాగ్నర్‌కి 10 వచ్చింది, కాబ్‌లకి 9లు వచ్చాయి. బ్లాక్ స్వాంప్ ఫైండ్ అంటారు. దానికి ఒక ఇల్లు ఉంది, ఒక అటక ఉంది, పంచుకున్న వారసులున్నారు, ఎక్కడ ఎన్నేళ్లు ఎలా ఉందో చెప్పే కథ ఉంది. హై గ్రేడ్‌కి ధర కట్టేటప్పుడు నేను ఆ కథనే మొదట అడుగుతా. మన డీలర్ చెప్పిన కథ ఎవరో పెద్దాయన ఇంటి సామాను అనే ఒక్క ముక్క దగ్గరే ఆగింది, పైగా అదే కార్డు ఇదివరకే వేలంలో తిరిగింది.

ఇక సన్న కార్డు. నిజం చెప్పాలంటే ఈ కేస్‌లో నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే. డీలర్ పక్కన పడేశాడు, క్లయింట్ కూడా దీన్ని పుస్తకంలో పేజీ గుర్తుగా పెట్టుకుంటానన్నాడు. స్టాండర్డ్ కంటే మిల్లీమీటరు పైగా సన్నం, పొడవు మాత్రం సరిగ్గా ఉంది. కానీ అమెరికన్ బ్యూటీ బ్యాక్ చూడగానే నేను ఆగాను, ఎందుకంటే ఆ బ్రాండ్ ప్యాకెట్ సన్నగా ఉండేది, దానికి తగ్గట్టు కార్డుల్ని ఫ్యాక్టరీలోనే సన్నగా కోశారు, ఆ బ్యాక్ ఉన్న కార్డులు సన్నగా ఉండటమే మామూలు. అంచులు చూస్తే నాలుగు వైపులా ఒకే గోధుమ రంగు, ఒకే పీచు, నాలుగు కార్నర్లూ ఒకేలా మెత్తబడ్డాయి. ఎవరూ ముట్టుకోని కార్డు. స్కేలు ఒక్కటే నమ్ముకుంటే ఈ లాట్‌లో మంచి కార్డు చెడ్డదయ్యేది, చెడ్డది మంచిదయ్యేది, పూర్తిగా తలకిందులు.

మాథ్యూసన్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. వెనక ఒక మూల పాత ఆల్బమ్ జిగురు మరక, ముందు ఒక చిన్న మడత. మంచినీళ్లలో నానబెట్టి జిగురు తీయడం తప్పా కాదా అని కలెక్టర్లలో వాదన ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది, నా వరకు మంచినీళ్లు తప్ప ఇంకేం తగలకపోతే అభ్యంతరం లేదు, కానీ ఈ కార్డుకి అసలు ఆ అవసరమే లేదు, ఉన్నదున్నట్టు నిజాయితీగా ఉంది, వదిలేయమన్నా.

రిపోర్ట్‌లో మూడు పేరాలే రాశా. కాబ్ ఒరిజినల్, కుడి అంచు కోసింది, నియర్ మింట్ రేటుకి వద్దు. మాథ్యూసన్ అడిగిన రేటుకి తీసుకోవచ్చు. అమెరికన్ బ్యూటీ ఒరిజినల్, ఫ్యాక్టరీ కోత, గ్రేడింగ్‌కి పంపొచ్చు. దీని తర్వాత ఒక ఇబ్బంది ఉంది, సన్న కార్డు డీలర్ ఊరికే ఇస్తానన్నాడు కదా, అతనికి తెలీదని మనం నోరు మూసుకుని తీసుకోవాలా? నేను క్లయింట్‌తో స్పష్టంగా చెప్పా, కాబ్ గురించి అతను మనకి పూర్తిగా చెప్పాలని కోరుకుంటున్నప్పుడు దీని గురించి మనం అతనికి చెప్పాలి కదా అని. క్లయింట్ ఒక నిమిషం ఆలోచించి సరే అన్నాడు, దానికి న్యాయమైన రేటు కట్టాడు. ఆ పని చేయడం వల్లే డీలర్ కాబ్ సంగతి వినే మూడ్‌లోకి వచ్చాడని నేను అనుకుంటున్నా.

కాబ్ విషయంలో డీలర్ మొదట ఒప్పుకోలేదు, సైజు కరెక్టే కదా అని అదే మాట. రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి మూడు గుర్తులు చూపించాక చాలాసేపు మాట్లాడలేదు. తను ఎవరి దగ్గర కొన్నాడో ఆ మనిషికి ఫోన్ చేస్తానన్నాడు. అప్పుడు మేం ఒక దారి చెప్పాం, నువ్వే గ్రేడింగ్‌కి పంపు, నంబర్ గ్రేడ్ వస్తే ఆ గ్రేడ్ రేటు మాట్లాడదాం, రాకపోతే ఎవరికీ నష్టం లేదు, డబ్బు అప్పటిదాకా కదలదు అని, ఇది మెయిల్‌లో రాతపూర్వకంగా పెట్టుకున్నాం. కార్డు నంబర్ లేకుండా తిరిగొచ్చింది, లేబుల్ మీద ఒరిజినల్, కానీ ఆల్టర్డ్ అని. అమెరికన్ బ్యూటీకి మాత్రం 4 వచ్చింది, సైజు గురించి ఒక్క మాట లేదు.

నంబర్ వచ్చి ఉంటే మేం కొనేవాళ్లమా అని ఒకరిద్దరు అడిగారు. నేను వద్దనే చెప్పేవాణ్ణి. ఆ పాత వేలం ఫోటో ఎక్కడికీ పోదు, ఇవాళ నేను వెతికి పట్టుకుంటే రేపు ఇంకొకరు పట్టుకుంటారు, అప్పుడు స్లాబ్‌లో ఏ నంబరున్నా ఆ కార్డు అమ్ముడుపోదు, పోయినా కొన్నవాడికి మనం ముఖం చూపించలేం.

ఇదంతా అయ్యాక క్లయింట్ కాబ్ మీద ఆశ వదులుకోలేదు, వెతికే పద్ధతి మార్చుకున్నాడు. గ్రేడ్ నంబర్ సంగతి ఎత్తకుండా నాలుగు అంచుల ఫోటోలు అడగడం మొదలుపెట్టాడు, ఇవ్వనన్నవాళ్లని వదిలేశాడు. మొన్న వసంతంలో ఒక రెడ్ పోర్ట్రెయిట్ కొన్నాడు, స్లాబ్‌లో 5, సెంటరింగ్ కొంచెం ఎడమకి జరిగి, నాలుగు కార్నర్లూ సమానంగా అరిగి, ఎరుపు మాత్రం నిన్న వేసినట్టు ఉంది. నాకు పంపితే చూశా, ఇప్పటిదాకా దొరికిన పాత ఫోటోలతో పోల్చా, బోర్డర్లు అప్పుడెంత వెడల్పో ఇప్పుడూ అంతే. ఆల్టర్డ్ లేబుల్ పడ్డ ఆ మొదటి కాబ్‌ని డీలర్ ఆ లేబుల్‌తోనే, ఉన్న విషయం చెప్పి, సెట్ నింపుకుంటున్న ఒకతనికి అమ్మాడంట, అతనికి గ్రేడ్ పట్టింపు లేదు, కాబ్ ఉంటే చాలు.